అరకులో ఒక రాత్రి

శనివారం రాత్రి, నందిగామ

వైజాగ్ ప్రయాణం గురించి ఈ రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఉన్నన్ని రోజులూ సిటీలోనే హోటల్లో ఉందామని మా ఆయన, మధ్యలో ఒక రాత్రి అరకు కొండ మీద ఉండాల్సిందేనని నేను.

"కీమో అయి ఎన్నాళ్లయిందని? కొండ మీద ఏదన్నా అయితే ఆసుపత్రి ఎక్కడుంటుంది?" అన్నారు.

"ఏడాదంతా బెజవాడలో ఆసుపత్రి పక్కనే ఉన్నానండి. సిటీ అంటే నాకింకా ఆ మందుల వాసనే. ఒక్క పొద్దన్నా కొండ మీద లేస్తా," అన్నాను.

జగ్గయ్యపేట నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్న చెప్పింది వినమ్మా," అంది. ఇన్నాళ్లూ అందరి మాటా విన్నాను. తినమన్నది తిన్నాను, పడుకోమన్నప్పుడు పడుకున్నాను. ఇక చాలనిపించింది. ఫోన్ పెట్టేసి అరకులో గది నేనే బుక్ చేశాను, నా పేరు మీదే.

ఆయన గబగబా భోజనం ముగించి లేచిపోయారు. ఇందాక వచ్చి, "అక్కడ చలంట కదా, నా స్వెటర్ ఎక్కడ పెట్టావ్?" అని అడిగారు. బీరువాలోంచి తీసిచ్చాను.

సాయంత్రం మేడ మెట్లెక్కుతూ ఆయాసమొచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయిన సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. భయం నాకూ ఉంది. అరకు చూసొచ్చాక చెబుతాను.