గంగక్క చెయ్యి

మార్చి 6, గురువారం

పత్తికొండ నుంచి రెండు ఐచర్ లారీల టమోటా వచ్చింది. ధర లేక మార్కెట్ బయట పారబోసిన సరుకు. దీన్ని గుజ్జు చేసి, కడప అరటి కలిపి ట్యాంకులో పోస్తే నా ఈస్టు ఆ తీపి తిని ఇథనాల్ ఇస్తుంది. కుళ్లిన పండుతో ఇంజన్ నడిపిస్తామని వీరభద్ర సార్ ఊరంతా చెప్పుకున్నాడు. కంపెనీ ఆయనది, కంపు నాది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి కల్లూరులో రేకుల షెడ్డు కింద ఉన్నాను.

బుధవారం హైదరాబాదు నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తారు. అరటి లోడు కోసం రేపు కడప పోవాలి. గుజ్జు చూసుకోమని గంగక్కకు అప్పగించాను. పండు ఏరే ఆడవాళ్లకు ఆమే పెద్ద. వేసవి వస్తే కల్లూరులో ఇరవై ఇళ్లకు ఊరగాయ పెట్టేది కూడా ఆమే. ఆమె చెయ్యి పడితే జాడీకి బూజు రాదని పేరు. ఆమె బతుకు సగం ఆ పేరు మీదే.

నేను వచ్చేదాకా గుజ్జు చెడిపోకుండా చూడమన్నాను. ఎలాగో చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

వచ్చాను. గుజ్జు, అరటి ట్యాంకుకెత్తి ఈస్టు కల్చర్ పోశాను.

మార్చి 10

ఉదయం 6. పులిస్తే రావాల్సిన బుడగ లేదు.
11. లేదు.
సాయంత్రం. లేదు. ట్యాంకుకు చెవి ఆనించి నిలబడ్డాను, పిచ్చిదానిలా.

మార్చి 11

మీటర్ పెడితే ఉప్పు. మామూలు ఉప్పు కాదు, ఊరగాయంత.

గంగక్కను పిలిచి అడిగాను. ఎండ శానా ఉండాది పాపా, ఈగలు ముసురుతాండాయి, నువ్వేమో చెడిపోకుండా సూడంటివి, అందుకే ఇరవై మూటల కల్లుప్పు తెప్పించి కలిపినా, అంది. టమోటా కోసి ఎండబెట్టేటప్పుడు మా ఊర్లో అందరూ ఇట్లే చేస్తారు, నెల్లాళ్లయినా ఏమీ కాదు, అంది. మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూసింది.

అంత ఉప్పులో ఈస్టు బతకదు. ఆ మాట ఆమెతో అనలేదు. తడి గోనెలు కప్పి నీడన పెట్టమని చెప్పి ఉంటే సరిపోయేది. ఈ ట్యాంకులో ఏం జరుగుతుందో ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషని అనిపించలేదు. అదీ నిజం.

మార్చి 12, బుధవారం

నలుగురు వచ్చారు. ముక్కులకు కర్చీఫులు. ట్యాంకు చచ్చి పడి ఉంది. ఏమైందని సార్ అందరి ముందూ నన్ను అడిగాడు. హ్యాండ్లింగ్ ఎర్రర్ అన్నాను. ఎవరు హ్యాండిల్ చేశారన్నాడు. గంగక్క అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం కూడా కాదు.

సార్ నవ్వేశాడు. కొందరి చెయ్యి పడితే పాలు కూడా తోడుకోవు సార్, ఆయమ్మను రేపట్నుంచి రావద్దంటాం, అని వచ్చినవాళ్లతో అన్నాడు. వాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో రాయడానికి సిగ్గుగా ఉంది.

మార్చి 20

కొత్త బ్యాచ్ బ్రహ్మాండంగా పులిసింది. గంగక్క లేదు కాబట్టే అంటున్నారు.

ఏప్రిల్ 8

ఈసారి మామిడికాయకు అమ్మ వేరే ఆమెను పిలిచింది. గంగక్క ఏమైందని అడిగితే, ఆయమ్మ చెయ్యి పడి మీ ట్యాంకే సచ్చిపోయెనంట గదా, ఏడాదంతా తినేది, మనకెందుకమ్మా, అంది. ఎవరు చెప్పారన్నాను. షేర్ ఆటోలో అందరూ అనుకుంటాండారు, అంది.

షెడ్డులో నేనన్న మాట, నా ఇంటికే తిరిగి వచ్చింది. తల ఊపి ముక్కలు తుడుస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 15

గంగక్క గేటు దగ్గర నిలబడి ఉంది. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదట, గంట నుంచి ఎండలోనే.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఈ ఏడు ఒక్కింటోళ్లు కూడా పిలవలేదు పాపా, అంది. ముప్పై ఏండ్లు బాగున్న చెయ్యి ఇప్పుడెట్ల పాడాయనో నాకే అనుమానంగా ఉండాది, అంది. కంటికి కనపడని పురుగుల్ని సూసే మిషన్ నీకాడ ఉండాది గదా, నా చేతిలో ఏముండాదో సూసి చెప్పు, ఉంటే నేనే మానుకుంటా, అంది. రెండు అరచేతులూ నా ముందు చాపింది.

ఉప్పు వల్ల అక్కా, తప్పు నాది. ఇంతే చెప్పాలి. అది చెప్పకుండా లోపలికి పోయి దూది చుట్టిన స్వాబ్ పుల్ల తెచ్చాను. ఆమె అరచేతిని రుద్ది, సూక్ష్మజీవులు పెరిగే ప్లేటు మీద గీశాను. రెండు రోజుల్లో చెబుతానన్నాను. ఆ చెయ్యి కొంగులో దాచుకుని ఆటో ఎక్కింది.

ఏప్రిల్ 17

ప్లేటులో చెడ్డది ఏదీ లేదు. అందరి చేతుల మీదా ఉండేవే. మధ్యలో ఈస్టు, తెల్లగా, నిండుగా.

ఏమీ లేదంటే, మరి ట్యాంకు ఎందుకు చచ్చిందని అడుగుతుంది.

గంగక్కవి రెండు మిస్డ్ కాల్స్. ప్లేటును, ఆవిరితో అన్నిటినీ చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి స్విచ్ వేశాను.