కౌన్సిల్‌లో నీ గురించి అడిగారు

సరోజా,

టాక్సీ నడపడానికి నేను తగినవాణ్ణో కాదో తేల్చడానికి ఇవాళ లైసెన్సులిచ్చే మన ఊరి కౌన్సిల్‌లో ముగ్గురు సభ్యులు కూర్చున్నారు. ఫ్యాక్టరీ మూసేశాక నాకు చేతనైన పని ఇదొక్కటే. నీకు ఆయాసం ముదిరిన రోజు ఆస్పత్రికి పోతూ నేను తెచ్చుకున్న స్పీడు కేసు కాగితం వాళ్ళ ముందుంది.

“త్వరగా పొమ్మని మీ ఆవిడ అడిగిందా?” అంది వాళ్ళలో పెద్దావిడ.

“లేదు మేడం, దారంతా తిట్టింది. ‘నిదానంగా పోవయ్యా! నాకేం కాదులే, నువ్వే ఎవర్నో చంపేట్టున్నావ్’ అని.”

ముగ్గురూ నవ్వారు.

“మళ్ళీ మీ కారెక్కుతుందా?”

“ఎక్కుతుంది. తిట్టడం మాత్రం మానదు,” అన్నాను. నువ్వు పోయావని చెప్పలేదు. జాలిపడి ఇచ్చే లైసెన్సు నాకెందుకు?

అరగంట బయట కూర్చోబెట్టి, మళ్ళీ పిలిచారు.

“లైసెన్సు ఇస్తున్నాం. ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పండి,” అంది పెద్దావిడ.

అందుకే రాస్తున్నాను.