తద్దినం నాటి కోడిగుడ్డు

బావగారికి నమస్కారాలు.

మీ తమ్ముడి తద్దినం పద్ధతిగా జరిగిందా అని అడిగారు. జరగలేదండీ. ఇక్కడి బోమాంట్ ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని, కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి అమ్మాయి మైథిలి ఆయన ఫొటో ముందు అన్నం, కోడిగుడ్డు వేపుడు పెట్టి ఉంచింది.

ఒజిబ్వే అనే అమెరికా ఆదివాసుల కుటుంబం మీద ఏదో నవల చదువుతోంది. అందులో ఒక తల్లి, పోయిన కొడుక్కి ఇష్టమైనవే వండి పెడుతుందట.

ఈ రోజు గుడ్డు కూడదని చెప్పే ఓపిక లేక అలాగే నిలబడ్డాను. "ఇట్స్ గ్రాండ్, మమ్" అని, అంటే ఏం ఫర్వాలేదమ్మా అని, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో చెప్పి నన్ను కూర్చోబెట్టింది. తర్వాత ఫొటోకేసి తిరిగి, "నాన్నా, తిను" అంది.

దోషమైతే నన్ననండి, దాన్నేమీ అనకండి. ఆయన పోయాక దాని నోట తెలుగు వినడం అదే మొదలు.

మీ మరదలు