రెండు చెంచాల పరమాన్నం

సరోజా,

ఆ పొద్దున్న నువ్వు తలస్నానం చేసి, తడి జుట్టుతోనే నా దేవుడి గది గుమ్మంలో కూర్చున్నావు. రెండు చెంచాల పరమాన్నం నీ చేతిలో పెట్టాను. ఆస్పత్రిలో నర్సు అడిగితే "ఏటీ తిన్లేదమ్మా" అన్నావు. ప్రసాదం తిండి కిందకి రాదనుకున్నాం ఇద్దరమూ. హెర్నియా, చిన్న ఆపరేషనే. మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోయింది. నువ్వు మళ్ళీ లేవలేదు.

ఇవాళ నీ కూతురు లత నన్ను సీతమ్మధారలో క్లినిక్‌కి తీసుకెళ్ళింది. రొమ్ములు పెద్దవి చేయించుకుంటుందట. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. లోపల పెట్టే సంచులు జీవితాంతం ఉండవట. చిరగవచ్చు, చుట్టూ గట్టిపడవచ్చు, చీము పట్టవచ్చు, స్పర్శ తగ్గవచ్చు. మళ్ళీ కోయవలసీ రావచ్చు.

ఇంటికొచ్చాక మీ ఆయన కేకలేశాడు.

"రోగం లేకండా కోతేటి? నువ్వయినా సెప్పవేటి వదినా?"

"నాను సిన్నపిల్లనేటి నాన్నా? అన్నీ ఇన్నాను కదా. పెద్దమ్మయితే నా పేరున అర్చన కూడా సేయించేత్తాది, సూడు," అంది లత నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని పరమాన్నం సంగతి చెప్పాను. లత వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ముగ్గురం ఒక మాట అనుకున్నాం. ఇంకో డాక్టరుకి చూపించి, మూడు నెలలు ఆగాలి. అప్పటికీ లతకి కావాలనిపిస్తే చేయించుకుంటుంది. ఆపరేషను రోజు పొద్దున్న మాత్రం ఇంట్లో దీపం ఒక్కటే, నైవేద్యం ఉండదు.

అక్క