దుర్గ చెవులు కుట్టిన వారం

ఫిబ్రవరి 14, సోమవారం

నా పిల్లకి పుట్టువెంట్రుకలు తీయించేశారు, నాకు ఒక్క మాట చెప్పకుండా. కన్నతల్లిని, బతికే ఉన్నాను. భీమవరంలోనే ఉన్నాను, రొయ్యల షెడ్డులో, ఐసు నీళ్ళలో చేతులు పెట్టుకుని. అత్తారి ఊరు తణుకు నుంచి గంటన్నర బస్సు. ముహూర్తం తరుముకొచ్చిందట, కబురు చేయలేకపోయారట.

మా ఆయన సూర్రావు చెయ్యి చేసుకుంటున్నాడని ఆ ఇల్లు వదిలి అన్నయ్య ఇంటికొచ్చేశాను, దుర్గని ఎత్తుకుని. దీపావళికి నాలుగు రోజులు ఉంచుకుని పంపేస్తానని సూర్రావు దాన్ని తీసుకెళ్ళాడు. మాఘం వచ్చింది. పిల్ల రాలేదు. మూడేళ్ళ పిల్ల!

ఫిబ్రవరి 15

షెడ్డులో నా పక్కన కూచునే మంగ - "మీ అత్తగార్ని ఓసారి ఈ బల్ల దగ్గరికి తీసుకురావే, రొయ్యతో పాటు తల తుంచి పంపేస్తాను."

నవ్వాను. సూపర్‌వైజర్ అరిచాడు.

ఫిబ్రవరి 16

అత్తగారి కబురు. నాకు కాదు, అన్నయ్యకి. ఆదివారం దుర్గకి చెవులు కుట్టిస్తున్నారట. మేనమామ ఒళ్ళో కూచోబెట్టి కుట్టించాలి. "ఆచారం తప్పకూడదు బాబూ, నువ్వొక్కడివే రా."

ఒక్కడివే! నేను లేకపోతే ఈ మేనమామ ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు?

ఫిబ్రవరి 17

అన్నయ్య సైకిల్ కొట్లో కూచుని, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఎదురుగా నిలబడి అన్నాను - "నీ ఒడి లేకుండా వాళ్ళ పని జరగదు. చెల్లెలు వస్తేనే కూచుంటానను."

"అలాగేలే."

"అలాగేలే కాదు. ఒట్టెయ్యి."

వేశాడు. లోపల్నించి వదిన - "మీ అన్నయ్య ఎవరికి ఎదురు చెప్పాడే ఇప్పటిదాకా? నాకే చెప్పలేదు!"

ఫిబ్రవరి 20, ఆదివారం

తణుకు బస్టాండులో నన్ను కూచోబెట్టి అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాడు. వాళ్ళని ఒప్పించి రిక్షా పంపుతానన్నాడు. దుర్గకి కొన్న గౌను ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉన్నాను. చెరుకు ట్రాక్టర్లు... దుమ్ము... ఖాళీ రిక్షా కనపడితే చాలు, లేచి నిలబడటం.

రిక్షా రాలేదు. అన్నయ్యే వచ్చాడు. నుదుట బొట్టు. సంచిలో పాంటూ చొక్కా గుడ్డలు, తాంబూలం. అడగక్కర్లేదు. అయినా బస్సెక్కాక అడిగాను.

"కూచున్నావా?"

"ఒట్టే, అడిగానే. నువ్వు రావాలని చెప్తూనే ఉన్నాను. కాస్త అరుగు మీద కూలబడ్డానో లేదో, మామా అంటూ పరిగెత్తుకొచ్చి ఒళ్ళోకి ఎక్కేసింది. కంసాలి తీగ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. దింపేస్తే ఏడుస్తుందని..."

"కుడితే ఏడవలేదా?"

"ఏడ్చింది. నా చొక్కా పట్టుకుని, అమ్మ దగ్గరికి వెళ్దాం మామా, అంది. అందరి ముందూ."

"అప్పుడేం చేశావ్?"

కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సు కదిలింది.

ఫిబ్రవరి 21

ఆ గుడ్డలు వీధిలోకి విసిరాను. వదిన ఏరుకొచ్చి మడతపెట్టింది.

ఫిబ్రవరి 22

వకీలు గారి దగ్గరికి వెళ్ళాను. "ఐదేళ్ళు నిండని పిల్ల మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుందమ్మా చట్టం."

"మరి నా దగ్గర ఎందుకు లేదండీ?"

"కోర్టుని అడగాలి కదమ్మా. పిల్ల కోసం ఒక పిటిషను వేద్దాం. దాని పోషణ ఖర్చులు తండ్రి ఇవ్వాలని ఇంకొకటి. కానీ పిల్ల తల్లిని మర్చిపోయింది, మా దగ్గరే బాగుందని వాళ్ళంటారు. కాదని చెప్పేవాళ్ళున్నారా?"

ఉన్నాడండీ. ఒళ్ళో పెట్టుకుని విన్నవాడే ఉన్నాడు.

ఫిబ్రవరి 23

అన్నయ్య - "నన్ను లాగకే తల్లీ. మొన్ననే వాళ్ళింట్లో పీట మీద కూచోబెట్టి భోజనం పెట్టారు. చెవులు కుట్టించిన చేత్తోనే వాళ్ళ మీద కోర్టుకెక్కానంటారు."

ఆ భోజనం గొంతు దిగిందా అని అడగాలనుకున్నాను. అన్నం కలుపుకుంటున్నాడు. లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 24, గురువారం

అడిగేశాను. పొద్దున, కొట్లో, పంక్చర్‌కి వచ్చినవాళ్ళ ముందే.

"దుర్గ అడిగింది నిన్ను. నాయనమ్మని కాదు, తండ్రిని కాదు. అమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని నిన్ను అడిగింది. దాని మాట నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు?"

పానా కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. సైకిల్ తెచ్చినాయన "తర్వాత వస్తానండీ" అని జారుకున్నాడు.

"సోమవారం పిటిషను పడుతుంది. నువ్వొచ్చినా పడుతుంది, రాకపోయినా పడుతుంది. నీ ఇంట్లోంచి పొమ్మన్నా పడుతుంది. సాక్షిగా నీ పేరు రాయించనా, వద్దా? తల ఊపితే చాలదు అన్నయ్యా, నోటితో చెప్పు. ఆదివారం సాయంత్రం, కొట్టు కట్టేసేలోపు."