అత్తమ్మా, కారు కొన్నాం

అత్తమ్మా, బాగున్నావా?

నువ్వు మమ్మల్ని వదిలి లోకం నుంచి వెళ్లిపోయి ఏడాది దాటింది. నీకో మాట చెప్పాలి. మనం కారు కొన్నాం... పాతదే, చిన్నదే. నడిపేది నేనే.

నీ మనవరాలు చిన్ని పుట్టిన రోజు గుర్తుందా? వాన దంచికొడుతోంది, నాకు నొప్పులు. ఒక్క ఆటో ఆగలేదు. నువ్వు నడిరోడ్డు మీదకు వెళ్లి, రెండు చేతులూ చాపి ఎవరి కారుకో అడ్డం నిలబడ్డావు. అంత ధైర్యం ఎక్కడిది నీకు? పాపను ఎత్తుకుని ఆ రోజే అన్నావు, "గిట్ల మందిని బతిమాలుడు ఎన్నిరోజులు? నువ్వే బండి నేర్సుకో బిడ్డా."

పొద్దంతా చీరలు మడతపెట్టే పనికి పోయి వచ్చే మనిషివి. కోడలికి డ్రైవింగ్ ఎందుకని గల్లీలో నవ్వినా లెక్కచేయలేదు. నాకు భయమని రోజూ వచ్చి డ్రైవింగ్ స్కూల్ కారులో వెనక సీట్లో కూర్చున్నావు. ఉధనా రోడ్డు మీద బండి ఆగిపోయి, తెలుగు రాని లారీలవాళ్లు హారన్లు కొడుతుంటే... కిటికీలోంచి తల బయటపెట్టి, "జర ఆగుండ్రి, మా కోడలు నేర్సుకుంటున్నది" అని తెలుగులోనే చెప్పావు. వాళ్లకు ఏం అర్థమైందో? ఆగారు మాత్రం.

నీ కొడుకు ముందు కామ్‌రేజ్‌లో ఒక పెద్ద కారు మీద మనసు పడ్డాడు. పైకి తళతళలాడుతోంది. కాళ్ల కింది మ్యాట్ ఎత్తి చూస్తే తుప్పు, ఎండిన బురద... వరదలో మునిగిన బండి. ఆయన మొహం చిన్నబోయింది. ఇక మనవల్ల కాదనిపించింది నాకు కూడా. చీర కొనడానికి వెళ్తే దుకాణంలో నువ్వనే మాట గుర్తొచ్చింది. "నచ్చకుంటే లేసి ఇంకోటి సూద్దాం. దీనికి పరేషాన్ ఎందుకు?"

ఇంకోటి అడాజన్‌లో దొరికింది, రిటైరైన ఒక టీచరమ్మ కారు. తలుపు మీద గీతలు, వెలిసిన రంగు. కానీ తెలిసిన మెకానిక్ ఇంజిన్ చూసి బాగుందన్నాడు. పెట్రోలు తక్కువ తాగుతుంది, మన గల్లీలో ఇబ్బంది లేకుండా తిరుగుతుంది. తాపీ నది వంతెన మీదుగా నేనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను. నీ కొడుకు పక్కసీట్లో కూర్చున్నాడు. దిగేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు... నువ్వు గుర్తొచ్చావా? నేను అడగలేదు.

పక్కింటి కొత్త కోడలు రజిత నిన్న వచ్చి తనకూ నేర్పమంది. వాళ్ల అత్త వద్దంటోందట. రేపు వెళ్లి ఆమెతో మాట్లాడతాను. నీలా గట్టిగా చెప్పడం నాకు రాదు... అయినా ఒప్పించే వస్తాను.

నీ కోడలు,
లావణ్య