సూది పెట్టుకునే చోటు

అమ్మా,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ మీ అల్లుడు బాగున్నాడు, నీ మనవరాలు బాగుంది. అక్కడ నువ్వు, చెల్లి, మరిది, కవలలు అంతా బాగున్నారని తలుస్తాను. నా పేరు ఆ వరుసలో రాయలేదని నువ్వు ఇట్టే కనిపెట్టేస్తావు. రాయబోయి ఆగాను. పొద్దున్న ఒకటి జరిగింది. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తాను. ఆలోగా కాస్త ధైర్యం కూడగట్టుకుంటాను.

కుట్టు మిషన్ అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు. కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది, అప్పుడప్పుడు నూనె వేస్తున్నాను. రెడీమేడ్ బట్టలొచ్చాక దాని మీదికి వచ్చేవి పాడైన జిప్పులు, పొడుగెక్కువైన ప్యాంట్లే కదా. మిగతా బతుకంతా జిప్పులు మారుస్తూ కూర్చోలేనని ఈ వయసులో నర్సు చదువుకు దరఖాస్తు పెడితే నువ్వొక్కదానివే నవ్వలేదు. మీ అల్లుడు నవ్వాడు. ఇప్పుడు రోజూ నా యూనిఫాం ఆయనే ఇస్త్రీ చేస్తున్నాడు. మడతలు వంకర పోతాయి, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.

క్లాసులో నా ఈడు వాళ్లున్నారా అన్నావు. ఎవరూ లేరు. అందరూ మన పిల్ల ఈడు వాళ్లే, నన్ను టైలరాంటీ అంటారు. ఎముకల పేర్లు నాకు పొద్దున్న బుర్రకెక్కి సాయంత్రానికి దిగిపోతాయి. వాళ్లు ఓపిగ్గా అప్పజెప్పించుకుంటారు, నేను వాళ్ల యూనిఫాంలకు వదులూ బిగువూ సరిచేసి పెడతాను. చెల్లుకు చెల్లు.

నెత్తురు చూస్తే కళ్లు తిరిగేవి కదా, ఎలా తట్టుకుంటున్నావని కూడా అడిగావు. నెత్తురు పరవాలేదమ్మా, అలవాటైంది. నాకిప్పుడు భయం నా చేతులంటే. పోయిన నెల ఒకాయనకు కట్టు కడుతూ ప్లాస్టర్‌ను పళ్లతో తెంపాను. మిషన్ దగ్గర దారం తెంపినట్టే తెంపాను, తెంపానన్న సంగతి కూడా నాకు తెలియదు. మా హెడ్ నర్సు చూసింది. ఆమె నాకంటే చిన్నదే గానీ గొంతు వార్డు ఆ చివరకు వినిపిస్తుంది, అందుకే పిల్లలు ఆమెకు సైరన్ అని పేరు పెట్టారు. నన్ను పక్కకు పిలిచి, "మీ చేతులు నెమ్మదైనవే. కానీ మీ మాట వినవు. ఇంకోసారి ఇలాంటిది చూస్తే వార్డులోకి రానివ్వను" అంది. వార్డులోకి రానివ్వకపోతే నా చదువు అక్కడితో సరి.

ఇక నాన్చను. కూర్చుని చదువు.

గోడలకు రంగులు వేసే పెద్దాయన ఒకాయన జ్వరంతో చేరాడు. ఏం జ్వరమో ఇంకా తేలలేదు. పొద్దున్న ఆయన తొడకు ఇంజెక్షన్ ఇచ్చాను. చీమ కుట్టినట్టయినా లేదని మెచ్చుకున్నాడు, నేను ఉబ్బిపోయాను. సూది బయటికి తీశానో లేదో ఆయనకు వాంతొచ్చి మంచం మీద నుంచి పక్కకు ఒరిగిపోయాడు. పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. వాడిన సూదులు వేసే డబ్బా పక్కనే నోరు తెరుచుకుని ఉంది. నా చేయి అటు వెళ్లలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, నోరు తుడిచి, నన్ను నేను చూసుకుంటే సిరంజి నా ఎడమ భుజం కింద యూనిఫాంకు వేలాడుతోంది. సూది గుడ్డ దాటి నాలో దిగింది.

చిన్నప్పుడు నేను సూది నేల మీద పెడితే చేతి మీద ఒక్కటి వేసి, "ఎవరి కాల్లోనైనా దిగుతుందే. నీ మీద పెట్టుకో" అనేదానివి. అప్పటి నుంచి అక్కడే పెట్టుకుంటున్నాను. నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. నువ్వు చెప్పింది మంచి మాటే, కుట్టు సూదికి.

సబ్బుతో బాగా కడుక్కున్నాను. సిరంజిని డబ్బాలో వేశాను. ఎవరికీ చెప్పలేదు. వాడిన సూది గుచ్చుకుంటే ఆ క్షణమే చెప్పాలని, మందు ఆలస్యమైన కొద్దీ పనిచేయదని మొదటి పాఠంలోనే నేర్పారు. ఆయన నెత్తురులో ఏముందో, అందులో నా ఒంట్లోకి ఏం వచ్చిందో తెలియదు. చెబితే చదువు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో ఆలోచించలేకపోతున్నాను. మేం బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను, అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. సైరన్ గది ఎదురుగానే ఉంది, తలుపు తీసే ఉంది. ఇంత దూరాన ఉన్న నీకు చెప్పుకున్నదాన్ని, పది అడుగులు వేసి ఆమెకు చెప్పలేనా. ఉండు, వెళ్లొస్తాను.

వెళ్లొచ్చాను. ఇప్పుడు సాయంత్రం, ఇంటి దగ్గర నుంచి రాస్తున్నాను.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది, గొంతు తగ్గించేసరికి నాకు ఇంకా భయమేసింది. ఎప్పుడు గుచ్చుకుంది, ఎంత లోతుకు దిగింది అని అడిగి, దగ్గరుండి నా నెత్తురు తీయించి, మాత్ర మింగేదాకా కదల్లేదు. పెద్దాయన్ని తనే వెళ్లి అడిగి ఆయన నెత్తురు కూడా పరీక్షకు పంపింది. ఆ కబురు రేపు తెలుస్తుంది. నాది మాత్రం ఇప్పుడు బాగుందని వచ్చినా నమ్మకూడదట, కొన్నాళ్లాగి మళ్లీ చూడాలట. అప్పటిదాకా ఈ భయంతోనే తినాలి, పడుకోవాలి.

నన్ను పంపించేస్తారా అని అడిగాను. "మీరే వచ్చి చెప్పారు కాబట్టి పంపను. కానీ సూది మాత్రం ముట్టుకోనివ్వను. ఆ చేయి మారిందని నాకు చూపించండి, అప్పుడిస్తాను" అంది. నేను ఏడ్చాను. ఆమె తన టీ నా ముందుకు జరిపి, వార్డులోకి వెళ్లిపోయింది.

మీ అల్లుడికి చెప్పేశాను. ఇస్త్రీ ఆపి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పిల్లకు ఇంకా చెప్పలేదు, నువ్వూ ఫోన్లో నోరు జారకు.

చేయి మార్చడానికి నాకు తోచింది టైలరు ఉపాయమే. పాత కోటు గుండీ పెద్దది ఒకటి తీసి, యూనిఫాంకు ఎడమ భుజం కింద, సరిగ్గా ఆ చోటే కుట్టాను. చేయి అలవాటుగా అక్కడికి వెళ్తే గుండీ తగలాలి, తగిలితే నాకు తెలివి రావాలి. దారం కత్తెరతోనే తెంపాను. పళ్లు వాడనందుకు కాస్త మురిసిపోయాను కూడా. తర్వాత సూది కోసం చూస్తే కనబడలేదు. బల్ల మీద లేదు, కుట్టు పెట్టెలో లేదు. యూనిఫాం దులిపాను, కుర్చీ జరిపాను. మీ అల్లుడు నా వైపు చూసి, వేలితో చూపించాడు. కట్టుకున్న బట్టకే, ఎడమ భుజం కింద గుచ్చి ఉంది.

ఎప్పుడు పెట్టుకున్నానో నాకు తెలియదమ్మా. రేపు వచ్చే కబురు కంటే ఇదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఈసారి గుచ్చుకుంది నాకే. ఎప్పుడైనా వార్డులో పసిపిల్లను భుజాన ఎత్తుకున్నప్పుడు ఈ చేయి ఇదే పని చేస్తే?

అందుకే నిన్నొకటి అడుగుతున్నాను. ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. పాఠం చెప్పినా, సైరన్ బెదిరించినా, దాన్ని ఆపే గుండీని కుడుతున్నా ఈ చేయి వినలేదు. అది నేర్చుకుంది నీ దగ్గర. "ఇక సూది నీ మీద పెట్టుకోవద్దు" అని నువ్వే దానికి చెప్పు. అప్పట్లో ఒక్కటి వేసి చెప్పావు చూడు, అంత గట్టిగా రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చున్న
నీ పెద్దది